రాతలను మరకలు చేసిన రిపోర్టు

ఎం.ఏ. రెండో సంవత్సరంలో నాకు ఇంటర్న్‌షిప్ పంజాగుట్టలోని ఒక ప్రైవేటు గ్యాలరీలో పడింది. బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం అయిన మరుసటి సోమవారం చేరాను. హోదా రిజిస్ట్రారుకు సహాయకుడు. రిజిస్ట్రారు పోస్టు ఏడాదిగా ఖాళీగా ఉంది కనుక ఆ పనీ నాదే. ఆధునిక, సమకాలీన కళాచరిత్ర, క్యూరేటింగ్ అన్నది మా కోర్సు పేరు. ఆ రంగంలో చదువుతో కలిపి ఆరేళ్ళు ఉండి, ముప్పై నిండకముందే విరమించుకున్నాను. ఇప్పుడు అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. ఈ వయసులో విరమణ ఏమిటని మిత్రులు నవ్వుతారు. మళ్ళీ ఆ గడప తొక్కను కనుక నాకు అదే సరైన మాట.

క్యూరేటరంటే గోడకు బొమ్మలు తగిలించేవాడని మా బంధువుల్లో చాలామంది అనుకునేవారు. ఏ బొమ్మలు పెట్టాలో, ఏ వరుసలో పెట్టాలో, పక్కన ఏమి రాయాలో నిర్ణయించేవాడు క్యూరేటరు. రిజిస్ట్రారు అతని కింద పనిచేస్తాడు. బొమ్మ గ్యాలరీలోకి వచ్చిన క్షణం నుంచి బయటికి పోయేదాకా దాని కాగితాలన్నీ రిజిస్ట్రారువి. వాటిలో మొదటిది కండిషన్ రిపోర్టు. రోగిని ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు ఒంటి మీద దెబ్బలన్నీ రాసుకున్నట్టు, బొమ్మ ఏ స్థితిలో వచ్చిందో రాయాలి. ముందువైపు, వెనకవైపు, అంచులు, చట్రం. కింద తేదీ, రాసినవాడి సంతకం. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, రెండేళ్ళు ఒక ఫ్యాక్టరీలో నాణ్యత తనిఖీ చేసి వచ్చినవాణ్ణి. కొలవడం, చూసింది చూసినట్టు రాయడం నాకు కొత్త కాదు. క్లాసులో సిద్ధాంతాల దగ్గర తడబడేవాణ్ణి గానీ, ఈ పనిలో నాకు దీటు లేరని గర్వం కూడా ఉండేది.

నేను చేరేటప్పటికి అక్కడ సిద్ధమవుతున్న ప్రదర్శనకు క్యూరేటరు మా ప్రొఫెసరు రఘునందన్ గారే. మాకు క్యూరేటింగ్ పేపరు చెప్పేదీ, నా ఇంటర్న్‌షిప్‌కు మార్కులు వేసేదీ, తర్వాత ఉద్యోగాలకు సిఫారసు ఉత్తరం రాయవలసిందీ ఆయనే. ఈ మూడు పనులూ ఒక్క మనిషి చేతిలో ఉండటం తప్పని అప్పుడు మాలో ఎవరికీ తోచలేదు. తోచినా అనేవాళ్ళం కాదు.

నేను చేరిన రెండో వారంలో ఆరు బొమ్మలు వచ్చాయి. మూతపడిన ఒక సినిమా హాలు గోడౌనులోంచి ఎవరో సేకరించి అమ్మితే గ్యాలరీ యజమాని కొన్నారు. ఒక్కొక్కటి ఐదడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, చెక్క చట్రానికి బిగించిన గుడ్డ. లిఫ్టులో పట్టలేదు. కింద నగల దుకాణం వాళ్ళు విసుక్కుంటుండగా మెట్ల మీదుగా రెండో అంతస్తుకు మోసుకొచ్చాం. ఇలాంటివి గ్యాలరీలో బిగించేది ఖాదర్ భాయ్. మేకుల నుంచి లైట్ల దాకా ఆయన పనే. ఉండేది కృష్ణానగర్‌లో. నన్ను ఇంజనీర్ సాబ్ అని పిలిచేవాడు. అందులో గౌరవం ఎంతో వెటకారం ఎంతో తేల్చుకోలేకపోయేవాణ్ణి.

దగ్గర నుంచి చూస్తే ఆ గుడ్డల మీద గులాబీ, ఆకుపచ్చ, నీలం రంగులు మందంగా, చేతివెడల్పు గీతల్లో కనబడేవి. ఒక్కో ముక్కలో ఏ ఆకారమూ లేదు. రఘునందన్ గారు వాటిని ఆరు వేర్వేరు అమూర్త చిత్రాలుగా చూశారు. అమూర్త చిత్రమంటే మనిషినో చెట్టునో చూపకుండా రంగు, గీత మాత్రమే ఉండే చిత్రం. ఎవరో పేరులేని పనివాళ్ళు తమకే తెలియకుండా ఆధునికతను చేరుకున్నారని కేటలాగుకు పెద్ద వ్యాసం అప్పటికే రాసేశారు. లేబులు కూడా తయారు. శీర్షిక లేదు, ఒకటి నుంచి ఆరు. చిత్రకారుడు అజ్ఞాతం.

నేను వెనకవైపు చూశాను. ఆరింటి మీదా బొగ్గుతో రాసిన గుర్తులున్నాయి. ‘పై 1’, ‘పై 2’, ‘పై 3’, ‘కింద 1’, ‘కింద 2’, ‘కింద 3’. ప్రతిదాని పక్కనా పైకి చూపే బాణం. దాని కింద ‘దే’ అనే అక్షరం. ఫోనుతో ఫొటోలు తీసి, రిపోర్టులో ‘వెనకవైపు: బొగ్గుతో చేతిరాత’ అని అన్నీ వరుసగా రాసి సంతకం పెట్టాను.

ఖాదర్ భాయ్‌కి చదవడం రాదు గానీ ముందువైపు చూసి నవ్వాడు. “ఇంజనీర్ సాబ్, గిది చెవి. గది గదువ. మీరు గింత చదువుకొని చెవిని సుత గుర్తుపట్టరా?” అన్నాడు. ఇద్దరం కలిసి వెనక అంకెల ప్రకారం ఆరూ నేల మీద పరిచి, స్టూలెక్కి చూశాం. ఒక సినిమా కథానాయిక ముఖం. పది అడుగుల ఎత్తు. ఆకుపచ్చ అంతా బుగ్గ కింది నీడ. అది సినిమా హాలు మీద కట్టే బ్యానరు. ఒక్క గుడ్డ మీద అంత బొమ్మ వెయ్యలేరు కనుక ముక్కలుగా గీసి, పైకెక్కించేవాళ్ళకు వరుస తెలియడానికి వెనక అంకెలు వేస్తారు.

రఘునందన్ గారికి చెప్పాను. ఆయన స్టూలెక్కలేదు. నేల మీదికి ఒకసారి చూసి, నా రిపోర్టు తీసుకుని చదివారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచేవారు కాదు.

“చూడు బాబూ, ‘చేతిరాత’ అన్నావంటే అది నిర్ణయం. గోడౌను వాళ్ళు వేసిన గుర్తులు కూడా కావచ్చుగా? రిజిస్ట్రారు నిర్ణయాలు చెయ్యడు, వర్ణిస్తాడు. ‘నల్లటి మరకలు’ అని రాయి. ఎవరికీ ఇబ్బంది లేని మాట.”

నాకు తెలిసిన పద్ధతి ప్రకారం రిపోర్టులో మార్పు చేయాలంటే పాత మాట మీద ఒకే గీత కొట్టి, అది చదవగలిగేలా వదిలి, పక్కన కొత్త మాట రాసి, పొట్టి సంతకం, తేదీ వేయాలి. ఫ్యాక్టరీలోనూ ఇదే పద్ధతి. అలా చేయబోతే ఆయన వద్దన్నారు. యజమానికి వెళ్ళే కాగితం, శుభ్రంగా ఉండాలన్నారు. కొత్త పేజీ టైపు చేశాను. పాత తేదీయే వేసి సంతకం పెట్టాను. పాత పేజీ చింపి చెత్తబుట్టలో వేశాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని చేయించలేదు. నా మార్కులు ఆయన దగ్గర ఉన్నాయి, అంతే.

మరుసటి వారం గుడ్డలు బలహీనపడ్డాయని లైనింగ్ చేయించారు. అంటే పాత గుడ్డ వెనక కొత్త గుడ్డ అంటించి బలం ఇవ్వడం. పాత గుడ్డలకు ఇది మామూలే. అవసరం కూడా ఉంది, కాదనను. కానీ దాంతో వెనకవైపు మూసుకుపోయింది. మళ్ళీ విప్పితే రంగు రాలుతుంది.

గోడకు ఎక్కించేటప్పుడు ‘పై 3’ను అడ్డంగా, ‘కింద 1’ను తలకిందులుగా పెట్టమని ఆదేశం. రంగుల సమతూకానికట. ఖాదర్ భాయ్ నిచ్చెన మీద నుంచే, “అమ్మాయిని ఖీమ చేసిన్రు గద సార్” అన్నాడు. రఘునందన్ గారికి వినబడింది. వినబడనట్టు ఉన్నారు.

ఇక్కడ మా చదువు గురించి ఒక మాట చెప్పాలి. పారిస్‌లో ఉన్న చిత్రకారుడు ఏ ఏడాది ఏ వీధికి ఇల్లు మారాడో మాకు పరీక్షలో వచ్చేది. అది తెలియకపోతే మార్కు పోయేది. మన దగ్గర బొమ్మ వేసినవాడి పేరు అడిగితే మాత్రం కర్త ముఖ్యం కాదు, చూపు ముఖ్యం అని సెమినారులో చెప్పేవారు. నేనూ నోట్సులో రాసుకున్నాను. పంజాగుట్ట నుంచి కృష్ణానగర్ ఆటోలో పదిహేను నిమిషాలు. ప్రదర్శనకు ముందు నెల రోజుల్లో మాలో ఒక్కరూ అటు వెళ్ళలేదు.

వెళ్ళింది ఖాదర్ భాయే. ప్రారంభానికి ముందు రోజు మధ్యాహ్నం, డెబ్బై దాటిన ఒక పెద్దాయనను వెంటబెట్టుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో చిన్న బైబిలు. “సాబ్, ఈయన దేవసహాయం అన్న. మా గల్లీల్నే ఉంటడు. బ్యానర్లు గీసెటోడు. జర చూపెట్టున్రి” అన్నాడు.

దేవసహాయం గారు గదిలోకి వచ్చి గోడ మొత్తం ఒక్కసారి చూశారు. దగ్గరికి పోలేదు. వెనక్కి, వెనక్కి నడిచి ఎదురు గోడకు ఆనుకుని నిలబడ్డారు.

“గీమెను గిట్ల ఎవరు కోసిపెట్టిన్రు?” అన్నారు చివరికి.

కూర్చోమని కుర్చీ వేశాను. కూర్చోలేదు. తలకిందులుగా ఉన్న ముక్క చూపించి, అది గదువనీ, దానికి గులాబీ రంగు అయిపోతే ఎర్రలో తెలుపు కలిపి సర్దాననీ, దగ్గర పోయి చూస్తే తేడా తెలుస్తుందనీ చెప్పారు. పోయి చూశాను. తేడా ఉంది. రంగుల గురించి నా రిపోర్టులో ‘రెండు రకాల గులాబీ’ అని ఉంది. కారణం మాత్రం నాకు తెలియదు.

ఆయన పని గురించి కొంత చెప్పారు. ఫొటో మీద గళ్ళు గీసి, గుడ్డ మీద పెద్ద గళ్ళు గీసి, గడికి గడి ఎక్కించేవారట. అక్షరాలు రాసేవాళ్ళు వేరు, నేపథ్యం నింపేవాళ్ళు వేరు, ముఖం మాత్రం ఈయనదే. సినిమా మారగానే గుడ్డకు తెల్ల పూత పూసి, దాని మీదే తర్వాతి సినిమా గీయాలి. గుడ్డ ఖర్చు ఎక్కువ కనుక అదే పద్ధతి.

“నలభై ఏండ్లు గీసిన బాబూ. నా బొమ్మ మీద నేనే తెల్లరంగు కొట్టిన. ఒక్కటి సుత లేదు. గీ హాలు బందైంది గాబట్టి గిదొక్కటి మిగిలినట్టుంది. మా పిల్లలకు చూపెడ్దమంటే ఏమున్నది? పైసలొద్దు, ఏమొద్దు. కింద పేరు రాయున్రి. చాలు.”

అడిగింది అంతే. జీవితమంతా చేసిన పనిలో మిగిలిన ఒకే ఒక్క దాని కింద పేరు. లేబులు మార్చడానికి అప్పటికి ఒక ప్రింటవుటు, రెండు నిమిషాలు కావాలి.

అప్పుడే రఘునందన్ గారు వచ్చారు. విషయం విన్నారు. మర్యాదగానే మాట్లాడారు. “పెద్దాయనా, మీరు గీయలేదని నేననను. కానీ ఇది ప్రదర్శన. ఆధారం ఉండాలి. సంతకం ఏది?” అన్నారు. సంతకం అక్షరాల ముక్క మీద ఉండేదనీ, అది ఇక్కడ లేదనీ దేవసహాయం గారు చెప్పారు.

“కానీ ఎనక చూడున్రి సార్. నా చేత్తోని రాసిన. పై ఒకటి, పై రెండు, పై మూడు. కింద సుత గట్లనే. బాణం గుర్తు ఉంటది. దాని కింద ‘దే’ అని ఉంటది. దేవసహాయంల ‘దే’. వేరేటోళ్ళ ముక్కలతోని కలవకుండ ఏసుకునేది.”

ఆయన గుడ్డల వెనకవైపు చూడలేదు. చూడటానికి వీలే లేదు, లైనింగ్ అయిపోయింది. చదవడం రాని ఖాదర్ భాయ్ ఆ అక్షరం సంగతి చెప్పి ఉండడు. అంకె, బాణం, అక్షరం మూడూ సరిగ్గా చెప్పారు. దీనికి మించిన ఆధారం కళాచరిత్రలో అరుదుగా దొరుకుతుంది. మాకు నడిచి వచ్చి దొరికింది.

రఘునందన్ గారు నా టేబులు మీది ఫైలు తీసి, చదివి వినిపించారు. “వెనకవైపు: అక్కడక్కడ నల్లటి మరకలు.” తర్వాత నా వైపు తిరిగి, “సంతకం నీదేనా బాబూ?” అన్నారు. నాదే సార్ అన్నాను. “స్వయంగా పరిశీలించే రాశావా?” అన్నారు. అవును సార్ అన్నాను. మాటకు మాట చూస్తే రెండు జవాబులూ నిజమే. అలా జవాబు చెప్పగలిగినందుకు ఇప్పటికీ నా మీద నాకు ఒళ్ళు మండుతుంది. నా ఫోను నా జేబులో ఉంది. ఫొటోలు అందులో ఉన్నాయి. తీసి చూపడానికి పట్టేది పది సెకన్లు.

దేవసహాయం గారు నన్ను చూశారు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. “ఇంజనీరు బాబు చూసిండంటే చూసే ఉంటడు. మరకలే గావచ్చు” అన్నారు. నాకు ఇబ్బంది కలగకూడదని అన్నారు. వెళ్ళిపోయారు. ఖాదర్ భాయ్‌కి అంకెల సంగతి తెలుసు, నాతో కలిసి నేల మీద పరిచినవాడు. పెద్దాయనను దిగబెట్టి వచ్చి, నిచ్చెన మడుస్తూ అన్నాడు. “నాకు సదువు రాదు సాబ్. వచ్చినోళ్ళు గిట్లుంటరని తెల్వదు.” ఆ తర్వాత నన్ను ఇంజనీర్ సాబ్ అని పిలవలేదు.

ప్రారంభం బాగా జరిగింది. దీపం వెలిగించారు. అజ్ఞాత కళాకారుల గొంతును మనం వినాలని రఘునందన్ గారు మైకులో చెప్పారు. చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

నాలుగో రోజు గ్యాలరీ యజమానికి ఉత్తరం రాశాను. రిపోర్టు నేనే మార్చానని, అసలు రిపోర్టులో ఫలానా రాతలున్నాయని, ఫొటోలు జతచేస్తున్నానని, బొమ్మ వేసింది దేవసహాయం గారని, ముక్కలు వరుసలో వేలాడదీయాలని. ఇన్ని రోజులు ఆగకుండా ఆ గదిలోనే మాట్లాడి ఉంటే ఆ ఉత్తరం అవసరమయ్యేది కాదు.

జవాబు యజమాని సంతకంతో వచ్చింది, భాష మాత్రం రఘునందన్ గారిది. నాకు ఆ వాక్యాల పొందిక తెలుసు. ఒకే వ్యక్తి సంతకంతో ఒకదానికొకటి పొసగని రెండు వివరాలు ఉన్నందున రెండింటినీ పూర్తిగా నమ్మలేమని రాశారు. ఫొటోలు ఫోనులో తీసినవి కనుక తేదీ నిర్ధారణ కాదన్నారు. లైనింగ్ విప్పితే చిత్రాలకు హాని. అయినా సద్భావంతో లేబులు మారుస్తున్నామన్నారు. కొత్త లేబులు ఇలా ఉంది: దేవసహాయం, ఆపాదితం. శీర్షిక లేదు, ఒకటి నుంచి ఆరు. వరుస మార్చలేదు.

ఆపాదితం అనేది మా వృత్తిలో వాడే మాట. బొమ్మ ఫలానావారిది కావచ్చు, ఖాయంగా చెప్పలేమని అర్థం. చనిపోయి వందల ఏళ్ళయినవారి బొమ్మలకు, అడగడానికి మనిషి లేనప్పుడు వాడతారు.

దేవసహాయం గారు తన కోడలితో కలిసి వచ్చి చూశారు. ఆయన పేరు కనబడగానే ఆమె ఫొటో తియ్యబోయింది. ఆయన ఆగమని, ఆ రెండో మాటకు అర్థం అడిగారు. చెప్పాను. మెత్తగా చెప్పే మాటలు వెతికాను, దొరకలేదు. మీరు గీశారని అంటున్నారు, వాళ్ళకు నమ్మకం లేదు, అని చెప్పాను.

“నేను బతికే ఉన్న గద బాబూ” అన్నారు. “బొగ్గు ఇయ్యున్రి. గీడ్నే గీసి చూపెడ్త.”

నేను బొగ్గు ఇవ్వలేదు. ఆయన పేరు తీసెయ్యమన్నారు. అనుమానం పక్కన తన పేరు ఉండొద్దన్నారు. రఘునందన్ గారికి ఫోను చేశాను. పది నిమిషాల్లో పాత లేబులు మళ్ళీ గోడ మీదికి వచ్చింది. పేరు పెట్టాలా వద్దా అని నాలుగు రోజులు వాళ్ళు తర్జనభర్జన పడ్డారు. తీసెయ్యడానికి ఎవరినీ అడగనవసరం లేకపోయింది.

ప్రదర్శన ముగిసేలోపు ఆరు ముక్కలూ నాలుగు ఇళ్ళకు అమ్ముడుపోయాయి. వాటి రవాణా కాగితాలు రాసింది నేనే. ఎవరి గోడ మీద చెవి ఉందో, ఎవరి గోడ మీద గదువ ఉందో కొన్నవాళ్ళకు తెలియదు. ఇక ఆ ముఖం ఒక చోట చేరదు.

ఇంటర్న్‌షిప్‌లో రఘునందన్ గారు నాకు క్లాసు మొత్తంలో ఎక్కువ మార్కులు వేశారు. వ్యాఖ్య గడిలో ‘రికార్డుల నిర్వహణలో నిశితమైన శ్రద్ధ’ అని రాశారు. అది కక్షో, కరుణో, నోరు మూయించడమో నాకు తెలియదు. ఆ మార్కులు తీసుకున్నాను. వాటితోనే ఉద్యోగం వచ్చింది. నాలుగేళ్ళు చేశాను. ఎక్కడికి వెళ్ళినా, ఒక కాగితాన్ని తనకు వీలుగా మార్చమని అడిగే మనిషి ఒకరు పైన ఉండేవారు. చివరిసారి అడిగినప్పుడు రాజీనామా ఇచ్చాను.

ఇచ్చేముందు అసలు కండిషన్ రిపోర్టును ఫొటోల ఆధారంగా మళ్ళీ రాశాను. ఎప్పుడు, ఎందుకు, ఎవరి మాట మీద మార్చానో చివర చేర్చాను. చిత్రకారుడి పేరు దగ్గర దేవసహాయం అని మాత్రమే రాశాను. ఒక ప్రతి గ్యాలరీకి పంపాను, జవాబు రాలేదు. కొన్న నాలుగు ఇళ్ళకూ పంపాను. ఒకరు మాత్రం ఇకపై ఇలాంటివి పంపవద్దని రాశారు. ఒకటి కృష్ణానగర్‌లో దేవసహాయం గారి కోడలి చేతికిచ్చాను. ఆయనకు అప్పటికి చూపు తగ్గింది. ఆమె చదివి వినిపించింది. విని, సరేనన్నారు.

ఈ పనిలోకి రావాలనుకునేవారికి నేను చెప్పగలిగినవి కొన్నే. వెనకవైపు ముందు రాయండి. దిద్దితే దిద్దుబాటు కనబడేలా దిద్దండి, పాత పేజీ చింపకండి. మార్కులు వేసేవాడు, పని చెప్పేవాడు ఒకడే అయితే ఆ సంగతి చేరే రోజే రాతపూర్వకంగా ఎత్తి చూపండి. బొమ్మ వేసినవాడు బతికి ఉన్నాడేమో వాకబు చేశాకే అజ్ఞాతం అనే మాట వాడండి. నిజం చెప్పవలసిన గదిలోనే చెప్పండి. నాలుగో రోజు చెప్పిన నిజాన్ని వాళ్ళు అనుమానంగా నమోదు చేస్తారు. నా విషయంలో అలా నమోదు చేసే వీలు నా సంతకమే ఇచ్చింది.